నీళ్ల ఇంజనీరు ముఖం వాపసు చేయు విషయమై

డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో, స్వబుద్ధితో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, కిటికీ పక్కన మంచి వెలుతురులో కూర్చుని, సొంత కలంతో రాస్తున్న వీలునామా ఇది. నా మతి స్థిరంగా ఉంది. మోకాళ్లు స్థిరంగా లేవు గానీ వీలునామాకు వాటితో పని లేదని లాయరు చెప్పాడు. మతి సంగతి రుజువు చేయమంటే, నేను నిర్మించిన పదకొండు చారిత్రక చిత్రాల నిడివినీ నిమిషాలు, సెకండ్లతో సహా వరసగా అప్పజెప్పాను. ఆరో చిత్రం దగ్గర ఆయన ఆవులించాడు. ఏడో చిత్రం దగ్గర "చాలండీ, మీరు నాకంటే గట్టిగా ఉన్నారు" అన్నాడు. ఆ మాట ఇందులో రాయనక్కర్లేదని కూడా అన్నాడు. రాశాను.

ఇంతకు ముందు రాసిన రెండు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు. మొదటిది కోపంలో రాశాను. రెండోది మొదటిదాన్ని మళ్లీ చదివిన కోపంలో రాశాను.

ఇందులో ఆస్తి పంపకం చిన్న పని. అసలు పని, ఒక మనిషి ముఖాన్ని ఆ మనిషికి తిరిగి ఇప్పించడం. అది ఐదో అంశంలో మొదలవుతుంది. ఎవరూ ముందే ఐదుకు వెళ్లి చదవకూడదు. నా చిత్రాలు వేసినప్పుడు కూడా కొందరు "చివరికి ఏమవుతుంది" అని మధ్యలో అడిగేవాళ్లు. చరిత్రలో చివరికి అందరూ పోతారు, కూర్చుని చూడండి అని చెప్పేదాన్ని.

1. నా సంతాప సభ ఇరవై ఎనిమిది నిమిషాలకు మించరాదు. టీవీవాళ్లు బతుకంతా నాకు ఇచ్చిన నిడివి అదే. మూడు వందల ఏళ్ల యుద్ధాన్ని అందులో ఇమిడ్చాను, నేను ఇమడనా? వెనక విషాద సంగీతం వద్దు. బహుమతి అందుకుంటున్న ఫోటో పెట్టవద్దు. అందులో నేను కళ్లు మూసుకుని ఉన్నాను. చూసినవాళ్లు ఆ రోజే పోయాననుకుంటారు.

2. నేను ఉంటున్న ఇల్లు, పెరడు, పెరట్లో పూడ్చకుండా మిగిలిన గొయ్యితో సహా, నా తదనంతరం సర్వహక్కులతో నా కుమారుడికి చెందుతాయి. ఫ్రిజ్‌లు బాగుచేయడం వాడి వృత్తి. చరిత్ర అంటే వాడికి గిట్టదు. తప్పు నాదే. ఐదో ఏట మొదలు పన్నెండో ఏట వరకు నా చిత్రాల్లో ఏ పిల్లవాడు చనిపోవాల్సి వచ్చినా వాడే చనిపోయాడు. రెండుసార్లు యువరాజుగా, ఒకసారి కరువులో, ఒకసారి కలరాలో. "అమ్మా, ఈసారైనా బతికే వేషం ఇవ్వవా" అని ఒకరోజు కాళ్లావేళ్లా పడ్డాడు. గుర్రం పగ్గం పట్టుకునే వేషం ఇచ్చాను. గుర్రం కరిచింది.

ఇంటితో పాటు వాడికి ఆకుపచ్చ డబ్బాలో ఉన్న ఒక టేపు కూడా దఖలు పరుస్తున్నాను. కలరా దృశ్యంలో వాడు దుప్పటి కింద శవమై పడుకుని తుమ్మాడు. ఒకసారి కాదు, ఆరుసార్లు తీస్తే ఆరుసార్లూ తుమ్మాడు. ఏడోసారి తుమ్మబోయి ఆపుకుని, శవం లేచి కూర్చుని "అమ్మా, ఇప్పుడు తుమ్మలేదు" అని చెప్పింది. నేను తిట్టడం అందులో వినిపిస్తుంది. దాని వెనక, పదకొండు సెకండ్ల పాటు, ఒక మగమనిషి నవ్వు వినిపిస్తుంది. అది వాడి నాన్నది. మా చిత్రాలన్నిటికీ ధ్వని ముద్రించినది నా భర్తే. టేపు పాడవుతుందని నోరు విప్పేవాడు కాదు. ఆయన గొంతున్న టేపులు ఇంట్లో రెండు వందలకు పైగా ఉన్నాయి. అన్నిట్లోనూ ఉన్నది "సైలెన్స్" అనే ఒక్క మాట. నవ్వు ఈ ఒక్కదాంట్లోనే ఉంది. నాయనా, దీన్ని నీ అలవాటు కొద్దీ ఫ్రిజ్‌లో దాచకు.

3. మా కెమెరామన్ విషయం. ఎడిటింగ్ కూడా అతనే చేసేవాడు. అతన్ని ట్రైపాడ్ అని పిలిచేవాళ్లం, ఎందుకంటే మాకు ట్రైపాడ్ లేదు, అతనే కదలకుండా నిలబడేవాడు. పదకొండు చిత్రాల్లో అతని చలవ వల్ల చేరిన కరెంటు స్తంభాలు నలభై మూడు. నిమిషం, సెకండుతో సహా పట్టిక తయారుచేశాను. పట్టిక అతనికే చెందుతుంది. గోడకు తగిలించుకోవచ్చు.

వసారాలోని క్రోటన్ మొక్క కూడా కుండీతో సహా అతనిదే. స్విచ్ బోర్డులకు అడ్డంగా పెట్టడానికి మా దగ్గర ఉన్నది ఆ ఒక్క మొక్క. ఆ విధంగా అది నాలుగు శతాబ్దాల్లో, ఇద్దరు రాజుల కొలువులో, ఒక చెరసాలలో, ఒక ఓడలో నటించింది. ఒక పరిశోధక విద్యార్థి నాకు ఉత్తరం రాశాడు, ఆ మొక్క అధికారానికి ప్రతీకా అని. కాదు నాయనా, స్విచ్ బోర్డుకు ప్రతీక అని జవాబిచ్చాను. అతను నమ్మలేదు. పుస్తకం వేశాడు.

4. నా తిరిగే కుర్చీ నా తోటికోడలికి. ముప్పై ఏళ్లుగా మా ఇంటికి వచ్చి "అక్కా, బాగున్నావా" అనే లోపే అందులో కూర్చుంటోంది. షూటింగ్ అయిన ప్రతిసారీ దుస్తులు ఉతికి తెస్తానని పట్టుకుపోయేది. ఉతికేది, తెచ్చేది కాదు. చక్రవర్తి పట్టాభిషేకపు మఖ్మలు శాలువా ఇప్పటికీ ఆమె సోఫా మీద ఉంది. మరో చిత్రానికి కావాలని అడిగితే, "అక్కా, దాన్ని సోఫాకు కుట్టేశాను. చక్రవర్తినే మా ఇంటికి తీసుకురండి, కూర్చుంటాడు" అంది. తీసుకెళ్లాం. కూర్చున్నాడు. ఆ దృశ్యానికే బహుమతి వచ్చింది. ఆ సంగతి ఆమె నాకు వారానికోసారి గుర్తు చేస్తుంది.

5. ఇక అసలు విషయం.

మా మరిది, అంటే నా భర్త తమ్ముడు, పైన చెప్పిన తోటికోడలి భర్త, కళ్లజోళ్ల దుకాణం నడిపేవాడు. ముప్పై ఎనిమిదేళ్ల కిందట నా నాలుగో చిత్రంలో నటించాడు. ఈ ఊరికి మొట్టమొదట గొట్టాలు వేసి, మంచినీళ్లు తెచ్చి, కలరాను తరిమిన ఇంజనీరు కథ అది. ఆయన్ని అందరూ నీళ్ల ఇంజనీరు అంటారు. ఆయన కొలతల పుస్తకాలు దొరికాయి. పై అధికారులతో పెట్టుకున్న తగవుల ఉత్తరాలు దొరికాయి. చివరికి ఆయన చెప్పులు కుట్టించుకున్న చీటీ కూడా దొరికింది. ఫోటో మాత్రం దొరకలేదు. అందుకని మా మరిదికి కోటు తొడిగి, మీసం అంటించి, పెరట్లో గొయ్యి తవ్వించి, అందులో నిలబెట్టి తీశాం. కళ్లజోడు తీసేయమంటే, "వదినా, తీస్తే గోతిలో పడతాను. ఇప్పటికే గోతిలో ఉన్నాను, ఇంకా లోపలికి పడతాను" అన్నాడు. నీళ్ల ఇంజనీరు పోయిన యాభై ఏళ్లకు గానీ బజారులోకి రాని ఫ్రేము అది. పాతకాలపు ఫిలింలా కనబడాలని ట్రైపాడ్ తీసిన రీలును నేలమీద పరచి కాళ్లతో తొక్కాడు. ఆ రోజు మెచ్చుకున్నాను. అంత బాగా ఎందుకు తొక్కావని తర్వాత చాలాసార్లు తిట్టాను.

ఆ దృశ్యానికి ముందు "ఇది నటులతో తీసినది" అనే అక్షరాలు నాలుగు సెకండ్ల పాటు విడిగా ఉండేవి. చిత్రం మొత్తం ఇరవై ఎనిమిది నిమిషాల నాలుగు సెకండ్లు వచ్చింది. టీవీవాళ్లు నాలుగు సెకండ్లు తగ్గించమన్నారు. "మేడమ్, ఆ అక్షరాలు తీయొద్దండీ, జనం నిజమనుకుంటారు. సూర్యోదయం కొంచెం కోద్దాం" అన్నాడు ట్రైపాడ్. ఆ సూర్యోదయం కోసం నేను నాలుగు రోజులు తెల్లవారకముందే లేచాను. "ఆ కళ్లజోడు చూశాక ఎవరు నమ్ముతారయ్యా, అక్షరాలే తీసేయ్" అన్నాను.

అందరూ నమ్మారు. ముందు మ్యూజియంవాళ్లు చిత్రంలోంచి ఆ బొమ్మను తీసి ఫ్రేము కట్టించారు. అక్కడి నుంచి అది మూడో తరగతి పాఠ్యపుస్తకంలోకి వెళ్లింది. పుస్తకం చూసి పెద్ద కూడలిలో విగ్రహం పెట్టారు. శిల్పి మహా శ్రద్ధగలవాడు. కళ్లజోడు పుల్ల మీద మా మరిది దుకాణం గుర్తు, చిన్న చేప, దాన్ని కూడా వదలకుండా చెక్కాడు. ఆవిష్కరణ రోజు జనంలో నిలబడ్డ మా మరిదిని చూసి పక్కాయన "మీరు వారి వంశంవాళ్లా" అని అడిగాడట. "దూరపు చుట్టం" అన్నాడట.

ఆ అక్షరాలు ట్రైపాడ్ పొరపాటున కత్తిరించాడని ఇరవై ఏళ్లు అందరికీ చెప్పాను. చెయ్యి అతనిది, మాట నాది. ఇందుమూలంగా ఆ అబద్ధాన్ని ఉపసంహరించుకుంటున్నాను. సూర్యోదయం తాలూకు ఫిలిం ముక్క కూడా అతనికే. ఇప్పుడు ఎంత కావాలంటే అంత కోసుకోవచ్చు.

నాటి కోటు, మీసం ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య భద్రంగా ఉన్నాయి. రెండూ మా మరిదికి చెందుతాయి. కోటు ఇప్పుడు పట్టదు. మీసం పడుతుంది.

6. విగ్రహం పెట్టిన మూడు నెలలకు ఒక పెద్దావిడ చేతిలో కవరుతో మా ఆఫీసు మెట్లు ఎక్కి వచ్చింది. నీళ్ల ఇంజనీరుకు స్వయానా మనవరాలు. "అమ్మా, ఆ కూడలిలో ఉన్నాయన ఎవరో గానీ మా తాతయ్య కాదు" అంది. కవర్లో ఫోటో ఉంది. పొట్టి మనిషి. బట్టతల. చాటల్లాంటి చెవులు. మీసం లేదు, కళ్లజోడు లేదు, చొక్కాకు ఒక గుండీ లేదు. మోకాలి లోతు బురదలో, గొట్టం భుజాన పెట్టుకుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. "మా తాతయ్య ఎప్పుడూ నవ్వేవాడమ్మా. ఆ బొమ్మ నవ్వడం లేదు" అని, ఫోటో నా బల్ల మీద పెట్టి వెళ్లింది. మీరు సరిచేస్తారు కదా అని కూడా అడగలేదు. చేస్తాననే అనుకుంది.

మర్నాడు పొద్దున్నే ఫోటో సంచిలో పెట్టుకుని పురపాలక కార్యాలయానికి బయలుదేరాను. దారిలో కూడలి ఉంది. ఆ వారమే మా మరిది దుకాణం మూతపడింది. అతను విగ్రహం దిమ్మె ఎక్కి, కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో దాని ముఖం తుడుస్తున్నాడు. ముక్కు, చెవుల వెనక, కళ్లజోడు అద్దాలు లోపలా బయటా. దుకాణంలో బేరానికి వచ్చినవాళ్లకు తుడిచినట్టే. ఇక ఇతనికి మిగిలిన గొప్ప ఇదొక్కటే కాబోలు అనుకుని వెనక్కి తిరిగాను. ఫోటో ట్రంకు అడుగుకు చేరింది. అది జరిగి ఇరవై తొమ్మిదేళ్లు. అతను ఇప్పటికీ ఆదివారం ఆదివారం వెళ్లి తుడుస్తాడు.

7. నా చిత్ర నిర్మాణ సంస్థను నా మనవరాలికి, అంటే నా కుమారుడి కుమార్తెకు, సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. సంస్థ అనగా: బల్ల ఒకటి, పదకొండు చిత్రాల ఫిలిం డబ్బాలు, రబ్బరు ముద్ర, ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు పడిన లెటర్‌హెడ్ కాగితాలు రెండు కట్టలు. ఆ తప్పు నంబరు ఒక పంటి డాక్టరుది. ముప్పై ఏళ్లుగా మాకు వచ్చే ఫోన్లన్నీ ఆయనకే వెళ్తున్నాయి. మొదట్లో విసుక్కునేవాడు. తర్వాత పన్ను పీకుతూనే "మేడమ్ షూటింగ్‌లో ఉన్నారు, చెప్పండి" అనేవాడు. ఒకసారి ఆయనే మాట్లాడి మా చిత్రాన్ని ఒక కాలేజీకి ఒప్పించాడు. ఆయనకు నా కృతజ్ఞతలు. నంబరు దిద్దవద్దు.

మనవరాలికి ఇంకొక కాగితం ఇవ్వాలి. ఆమె మూడో తరగతిలో ఉండగా పరీక్షలో విగ్రహం బొమ్మ వేసి, "ఈ మహనీయుడు ఎవరు?" అని అడిగారు. ఒక మార్కు ప్రశ్న. "మా చిన్న తాతయ్య. మీసం అంటించుకున్నారు" అని రాసింది. సున్నా వేసి, కింద ఎర్ర సిరాతో "పిచ్చి రాతలు రాయరాదు" అని రాసి, ఇంట్లో పెద్దవాళ్ల సంతకం తెమ్మన్నారు. నా దగ్గరికి తెచ్చింది. "నానమ్మా, నేను రాసింది తప్పా?" అని అడిగింది. నా దగ్గర ట్రంకు ఉంది, అందులో ఫోటో ఉంది, నాకు నోరు కూడా ఉంది. "పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయాలి" అని చెప్పి సంతకం పెట్టాను. చరిత్ర మీద పదకొండు చిత్రాలు తీసినదాన్ని. నా నోట అంతకంటే తప్పు మాట ఎన్నడూ రాలేదు.

ఆ పిల్ల ఇప్పుడు నా దగ్గరే పనిచేస్తోంది. ప్రతి తారీఖూ మూడుసార్లు సరిచూస్తుంది. నేను చెప్పినవి నాలుగుసార్లు సరిచూస్తుంది. ఎందుకో ఎన్నడూ అనలేదు. నాకు తెలుసు.

ఆ పరీక్ష కాగితం ట్రంకులో ఫోటో పక్కనే ఉంది. సున్నా కొట్టేసి "ఒకటికి ఒకటి" అని దిద్ది, కింద మళ్లీ సంతకం చేశాను. బడివాళ్ల చేత కూడా దిద్దించవలెను.

8. సంస్థ మనవరాలికి దక్కడానికి షరతు ఇది. నాలుగో చిత్రంలో ఆ నాలుగు సెకండ్ల అక్షరాలు తిరిగి అతికించాలి. అసలు ఫోటోను మ్యూజియానికి, పాఠ్యపుస్తకంవాళ్లకు, పురపాలక కార్యాలయానికి ఇవ్వాలి. విగ్రహాన్ని పగలగొట్టమని ఎవరూ అడగరాదు. దాని పక్కన ఫోటో పెట్టి, కింద ఈ మాటలు చెక్కించాలి:

"ఈ విగ్రహంలోని ముఖం, ముక్కు, కళ్లజోడు ఈ ఊరి కళ్లజోళ్ల వ్యాపారివి. మీసం చిత్ర నిర్మాణ సంస్థది. నీళ్లు మాత్రం నీళ్ల ఇంజనీరువే. పక్కన నవ్వుతున్నది ఆయనే."

ఇదంతా మా మరిది కాలం చేసిన తర్వాతే జరగాలి. అతను బతికుండగా ఫోటో ట్రంకు దాటరాదు.

9. సవరణ. పై ఎనిమిది అంశాలూ ఈ ఉదయం రాసినవి. మధ్యాహ్నం మూడు గంటలకు లాయరు వచ్చి చదివి, ముఖం తనదేనని మా మరిది సాక్షి సంతకం చేస్తే తప్ప రేపు ఎవరూ నమ్మరన్నాడు. సంతకానికి పిలిపించాను. చదవకుండా సంతకం పెట్టమన్నాను. "కళ్లజోళ్లు అమ్మినవాణ్ని వదినా, చదవకుండా ఎలా పెడతాను" అని కాగితాలు లాక్కున్నాడు.

చదవడం అయ్యాక కాగితాలు వరసగా సర్ది బల్ల మీద పెట్టాడు. తర్వాత ఫోటో చూపించమన్నాడు. చూశాడు. "ఈయనా!" అన్నాడు. "ఎంత బాగున్నాడు వదినా! నేను ఇరవై తొమ్మిదేళ్లుగా తుడిచింది గొప్పకు కాదు. ఎవరో పెద్దమనిషి చోట్లో నా ముఖం పెట్టుకుని కూర్చున్నాను, కనీసం శుభ్రంగానైనా ఉంచుదామని. నోరు విప్పితే మీ సినిమా పరువు పోతుందని ఊరుకున్నాను."

నేను అతని కోసం దాచానని, అతను నా కోసం దాచాడని ఆ విధంగా తేలింది. లాయరు మా ఇద్దరి వంకా చూసి కళ్లజోడు తుడుచుకున్నాడు. సరిగ్గా తుడవడం లేదని మా మరిది తీసుకుని తుడిచిపెట్టాడు.

"నేను పోయేదాకా ఆగడమెందుకు వదినా? రేపే వెళదాం" అన్నాడు.

కాబట్టి ఎనిమిదో అంశంలోని చివరి రెండు వాక్యాలు కొట్టివేయడమైనది. రేపు శుక్రవారం ఉదయం పది గంటలకు నేను, మా మరిది, మనవరాలు ఫోటో, పరీక్ష కాగితం పట్టుకుని పురపాలక కార్యాలయానికి వెళుతున్నాం. బడి దారిలోనే ఉంది, ముందు అక్కడ ఆగుతాం. ఎనిమిదో అంశం, ముసలివాళ్లం మేమిద్దరం ఆ కార్యాలయం మెట్ల మీద పడిపోయిన పక్షంలో మాత్రమే అమలుకు వస్తుంది. మొత్తం ముప్పై ఒక్క మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు.

ఇక్కడొక చిక్కు వచ్చింది. సాక్షి సంతకం చేసినవాళ్లకు గానీ, వాళ్ల భార్యకు గానీ వీలునామాలో ఇచ్చినది చెల్లదని లాయరు చెప్పాడు. సంతకం పెడితే కోటు, మీసం పోతాయని మా మరిదికి వివరించాను. "పోతే పోనీండి వదినా, ఆ మీసం ఎటూ నాది కాదుగా" అని కలం అడిగాడు. అందువల్ల నాలుగో అంశంలోని కుర్చీ, ఐదో అంశంలోని కోటు, మీసం ఈ వీలునామా నుంచి తొలగించడమైనది. బతికుండగా చేతికిచ్చినది వీలునామా కిందికి రాదని కూడా లాయరే చెప్పాడు. నాలుగు గంటల పది నిమిషాలకు కోటు, మీసం మా మరిది చేతికిచ్చాను. కుర్చీ విషయం ఆలోచించి చెబుతానన్నాను. అతని వెంట వచ్చిన తోటికోడలు అప్పటికే దాన్ని గేటు దాకా తోసుకుపోయింది.

పంటి డాక్టరు రెండో సాక్షి. కృతజ్ఞత ఆస్తి కిందికి రాదని నిర్ధారించుకున్నాను. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత లాయరుది, ఆవులించకుండా.

చదివి, సరిచూసి, మనవరాలి చేత నాలుగుసార్లు సరిచూయించి, పై సంగతులన్నీ నిజమని సంతకం చేస్తున్నాను.

గురువారం, మార్చి పద్నాలుగో తారీఖు, సాయంత్రం నాలుగు గంటల ఇరవై రెండు నిమిషాల నాలుగు సెకండ్లు. ఆ నాలుగు సెకండ్లు ఎవరూ కత్తిరించరాదు.

(సంతకం)
నిర్మాత

సాక్షి 2: (సంతకం) పంటి డాక్టరు. ఇది రాస్తుండగా మేడమ్ కోసం రెండు ఫోన్లు వచ్చాయి. రేపు పదికి బయట పని ఉందని చెప్పాను.

సాక్షి 1: (సంతకం) మరిది, కళ్లజోళ్ల వ్యాపారి. కూడలిలో ఉన్నది నా ముఖమే. ఇక ఆదివారాలు ఫోటో అద్దం కూడా నేనే తుడుస్తాను. మీసం ముట్టింది.